గర్భిణికి కొంచెపాటి మద్యము తగునా?

"కడుపులో త్రిప్పుచున్నదా, అమ్మాయీ? వేడినీళ్లలో ఒక చెంచా బ్రాందీ వేసికొని త్రాగుము, సర్దుకొనును."

"వద్దత్తా. క్లినిక్కు నర్సమ్మ ఒక చుక్కయైనను వద్దన్నది."

"నర్సమ్మ మాటకేమిలే. నీ మగడు నా కడుపున నున్నప్పుడు నేను రాత్రివేళ స్టౌటు పుచ్చుకొనలేదా? వానికేమి లోటు వచ్చినది? కొంచెమే గదా."

నెటాలులోని తెలుగువారి యిండ్లలో ఇట్టి సంభాషణ క్రొత్తది కాదు. చెరకుతోటల బారకులలో పుట్టిన యలవాట్లు కొన్ని తోటలను విడిచి పట్టణపు పేటలకు వచ్చినవి. వేవిళ్లకు బ్రాందీ, రక్తము పట్టుటకు స్టౌటు, నిద్ర పట్టుటకు బీరు, బాలింతకు చలువ చేయకుండుటకు మరల బ్రాందీ అను మందుల పట్టిక తల్లినుండి కూతునకును అత్తనుండి కోడలికిని నోటిమాటగానే అందుచు వచ్చినది. ఆ యత్తగారి మాటలో ప్రేమయున్నదే గాని దురుద్దేశము లేదు. ఆమె చెప్పిన సాక్ష్యమును అబద్ధము కాదు. అయినను ఆ సాక్ష్యమును నమ్మి కోడలు గ్లాసు నందుకొనవచ్చునా అనునదియే విచారింపవలసిన ప్రశ్న.

తల్లి త్రాగినది బిడ్డకు చేరు విధము

గర్భమందలి శిశువు మాయ ద్వారాను బొడ్డుతాడు ద్వారాను తల్లి రక్తమునుండి ఆహారమును ప్రాణవాయువును పొందుచున్నది. మాయ అనేక పదార్థములను అడ్డగించు తెరవంటిది. కాని మద్యమందలి ఆల్కహాలు మిక్కిలి సూక్ష్మమైనది, నీటిలో సులభముగా కరగునది. అందుచేత అది ఆ తెరను ఏ యడ్డంకియు లేక దాటిపోవును. తల్లి త్రాగిన పిమ్మట సుమారు ఒక గంటలో శిశువు రక్తమందును తల్లి రక్తమందున్నంత ఆల్కహాలు చేరును.

తల్లికి పూర్ణముగా ఎదిగిన కాలేయము కలదు. అది ఆ విషమును కొంచెము కొంచెముగా విరిచివేయును. శిశువు కాలేయము ఇంకను పనికి రాలేదు. విషమును విరుచు శక్తి దానికి దాదాపుగా లేనందున, తల్లి రక్తము శుద్ధియగు వరకును శిశువు కనిపెట్టుకొని యుండవలసినదే. అంతేకాక ఆల్కహాలు ఉమ్మనీటిలోనికిని పోవును. శిశువు ఆ యుమ్మనీటిని మరల మ్రింగుచుండును. తల్లికి మత్తు దిగిన తరువాతను శిశువు ఆ నీటిలోనే యుండును.

మొదటి మూడు మాసములలో గుండె, కన్నులు, ముఖము, చేతులు, కాళ్లు రూపు కట్టుచుండును. ఆ కాలమున ముఖ్యముగా వారములకొలది అధికముగా త్రాగిన తల్లుల శిశువులలో కొందరికి ముఖలక్షణములు మారుచున్నవి. కన్నుల చీలిక పొట్టిది, ముక్కునకును పైపెదవికిని నడుమనుండు గాడి చదునైనది, పైపెదవి సన్ననిది. మెదడైతే మొదటి వారములనుండి ప్రసవదినము వరకును, ఆ తరువాతను, ఎదుగుచునే యుండును. కాబట్టి "మూడవ నెల దాటినది, ఇక భయము లేదు" అను మాటకు ఆధారము లేదు. మెదడునకు భయము లేని నెల ఒకటియు లేదు.

వైద్యులు ఎరిగిన చరిత్ర

1726వ సంవత్సరమున లండను నగరమందలి రాజవైద్య కళాశాలవారు జిన్ను అను సారాయిని గూర్చి పార్లమెంటునకు విన్నవించుకొనుచు, దానిని త్రాగువారికి బలహీనులును రోగిష్ఠులునగు బిడ్డలు పుట్టుచున్నారని తెలిపిరి. 1899లో లివర్పూలు చెరసాల వైద్యుడైన విలియం సల్లివను త్రాగుడునకు లోబడిన స్త్రీల కాన్పులను లెక్కించెను. వారికి పుట్టిన శిశువులలో చచ్చి పుట్టినవారును, చిన్నతనముననే మరణించినవారును, వారి బంధువులలో త్రాగని స్త్రీల శిశువులతో పోల్చగా రెండింతలకు మించి యుండిరి. గర్భముతో చెరసాలకు వచ్చి, అచ్చట సారాయి దొరకక, ఆరోగ్యమైన బిడ్డను కనిన స్త్రీలను గూర్చియు అతడు వ్రాసెను. చెర ఆ బిడ్డలకు రక్షణయైనది.

ఇంత జరిగినను లోకము దీనిని మరచెను. ఇరువదవ శతాబ్దపు నడుమ వరకును కొందరు వైద్యులే గర్భిణులకు మద్యమును సలహా చెప్పుచుండిరి. 1968లో ఫ్రాన్సుదేశమందలి నాంతు నగరమున పాల్ లెమ్వాను అను వైద్యుడు త్రాగుబోతు తలిదండ్రులకు పుట్టిన 127 మంది పిల్లలను వర్ణించెను. 1973లో అమెరికాలోని సియాటిలు నగరమున కెన్నెతు జోన్సు, డేవిడ్ స్మిత్ అనువారు ఈ వ్యాధికి ఆల్కహాలు పేరుతోనే గుర్తు నేర్పరచిరి. 1981లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి గర్భిణులు మద్యమును మానవలెనని హెచ్చరించెను. 2016లో ఇంగ్లాండు మొదలైన బ్రిటిషు రాజ్యభాగముల ప్రధాన వైద్యాధికారులు, అంతకుముందున్న "వారమునకు ఒకటి రెండు మారులు కొంచెము" అను సడలింపును తీసివేసి, గర్భిణికి అన్నిటికంటె క్షేమమైనది బొత్తిగా త్రాగకుండుటయే అని తీర్మానించిరి.

ఈ దేశపు దుఃఖము

ఈ సంగతి దూరదేశపు కథ కాదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి మొదటి కూలీలను డర్బను రేవున దింపెను. ఆ కాలపు ఒప్పందము చొప్పున నెటాలు తోటకూలీకి మొదటి యేట నెలకు పది షిల్లింగుల జీతమును, బియ్యము మొదలైన బత్తెమును ఉండెను. కేపు ప్రాంతమందలి ద్రాక్షతోటలలోనైతే వేరొక యాచారము పాతుకొనియుండెను. డచ్చివారి కాలమునుండి అచ్చట కూలిలో కొంతభాగము ద్రాక్షసారాయిగానే యిచ్చుచుండిరి. దినమునకు పలుమారులు తోటలోనే గిన్నెతో పోయుచుండిరి. దీనికి 'డాప్' అని పేరు. 1961లో చట్టము దీనిని నిషేధించినను కొన్ని తోటలలో ఇది చాలకాలము జరిగెను. కూలిగా వచ్చిన త్రాగుడు యలవాటుగా నిలిచినది. యలవాటు తండ్రులనుండి తల్లులకును, తల్లులనుండి గర్భమందలి శిశువులకును చేరినది.

దాని ఫలమెట్టిదో పరిశోధకులు లెక్కించిరి. పశ్చిమ కేపులోని ఒక సమాజమున మొదటి తరగతి పిల్లలను పరీక్షించి 2000లో ప్రకటించిన లెక్క చొప్పున, వేయిమందిలో సుమారు 40 మొదలు 46 మందికి ఈ వ్యాధి పూర్ణలక్షణములతో కనబడెను. లోకమంతటిని కలిపి 2017లో వేసిన అంచనా చొప్పున పదివేలమందిలో సుమారు 15 మందికే యది యున్నది. భేదమును చదువరులే చూడవచ్చును.

ఇట్టి బిడ్డ బడికి వచ్చినప్పుడు ఉపాధ్యాయులు మొదట గ్రహింపరు. నిన్న వచ్చిన యెక్కము నేడు రాదు. చెప్పిన మూడు పనులలో ఒకటి చేసి రెండు మరచును. ఒకచోట కూర్చుండలేడు. తప్పు చేసి శిక్ష పొందియు ఆ తప్పే మరల చేయును. ఎవరేమి చెప్పినను నమ్మును. ముఖమున ఏ గుర్తును లేని పిల్లలే వీరిలో ఎక్కువమంది, కావున వారిని సోమరులనియు మొండివారనియు అందురు. మెదడునకు తగిలిన దెబ్బకు బిడ్డను దండించుట అన్యాయము. ఈ లోపమును తీసివేయు మందు లేదు. త్వరగా గుర్తించి, ఓర్పుతో, ఒక్కొక్క మాటగా, చూపించి నేర్పినచో బిడ్డ చాల బాగుపడును. అయినను లోపము జీవితమంతయు వెంటనుండును.

కొంచెము అనగా ఎంత?

అత్తగారి "కొంచెము" అను మాటను ఇప్పుడు కొలిచి చూడవలెను. ఈ దేశమున అమ్ము బ్రాందీలో నూటికి 43 పాళ్లు ఆల్కహాలు ఉండును. సారాయి దుకాణమున పోయు చిన్న కొలత 25 మిల్లీలీటర్లు. అందులో సుమారు 8 గ్రాముల ఆల్కహాలు కలదు. ఇంటియందు కొలత యుండదు. చేయి వంచిన రీతిగా పడును, అది రెండు మూడు కొలతలైనను ఆశ్చర్యము లేదు. నూటికి 5 పాళ్ల బీరు 330 మిల్లీలీటర్ల డబ్బాలో 13 గ్రాములు, పలువురు పంచుకొను 750 మిల్లీలీటర్ల క్వార్టు సీసాలో సుమారు 30 గ్రాములు ఉండును. బీరు తేలిక, బ్రాందీ ఘాటు అనునది నాలుకకు తోచు భేదమే. ఒక డబ్బా బీరు ఒక చిన్న కొలత బ్రాందీకంటె ఎక్కువ ఆల్కహాలును శిశువునకు చేర్చును. ఇంటిలో కాచిన సారాయియందును, పులియబెట్టిన పానీయములందును బలమెంతయో కాచినవారికే తెలియదు.

స్టౌటు రక్తమును పట్టించునను మాటయు పరీక్షకు నిలువదు. గర్భిణికి దినమునకు సుమారు 27 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. స్టౌటులో ఉన్నది అతిస్వల్పము. ఆ యినుమును దానితో తీర్చుకొన జూచినచో తల్లి లేవలేని మత్తులో పడును. పప్పు, ఆకుకూరలు, గ్రుడ్లు, మాంసము, చేపలు, వీటితోపాటు క్లినిక్కున ఇచ్చు ఇనుప మాత్రలు ఆ పనిని చేయును. గర్భిణులకు ప్రభుత్వ వైద్యము 1994 మొదలుకొని ఈ దేశమున ఉచితము. ఉచితముగా దొరకు మాత్రను విడిచి సొమ్ము పెట్టి స్టౌటు కొనుట లాభమా?

అత్తగారి సాక్ష్యము

ఇప్పుడు కఠినమైన ప్రశ్నకు రావలెను. అధికముగా త్రాగుట హానియని అందరును ఒప్పుకొందురు. వారమునకు ఒకమారు అరగ్లాసు మాటయేమి? ఇచ్చట నిజమును దాచుట తగదు. అంత కొంచెము త్రాగిన తల్లుల బిడ్డలను పరీక్షించిన పండితులందరు ఒకే మాట చెప్పలేదు. 2012లో ప్రకటింపబడిన డెన్మార్కు పరిశోధనలలో, కొంచెముగా త్రాగిన తల్లుల అయిదేండ్ల పిల్లలకును త్రాగని తల్లుల పిల్లలకును తెలివియందు చెప్పదగిన భేదము కనబడలేదు. 2017లో ఇంగ్లాండు పండితులు పూర్వపు పరిశోధనలను చేర్చి చూడగా, కొంచెపాటి త్రాగుడును గూర్చిన ఆధారమే మిక్కిలి తక్కువగా నున్నదనియు, ఉన్నంతలో బిడ్డ బరువు తగ్గుటకు కొంత సూచన యున్నదనియు తేలెను. 2020లో అమెరికాలో సుమారు 9,700 మంది తొమ్మిది పదియేండ్ల పిల్లలను చూచిన పరిశోధన, తక్కువగా త్రాగిన తల్లుల పిల్లలలోను మనస్సునకును ప్రవర్తనకును సంబంధించిన చిక్కులు కొంత ఎక్కువయని చెప్పెను. కొంచెముగా త్రాగు స్త్రీలు పలుదేశములలో చదువును ధనమును గలవారగుటచేత, వారి బిడ్డలకు ఆ మేలులవలన కలిగిన బలము మద్యపు కీడును కప్పివేయుటయు కలదు.

కాబట్టి ఒక గుటకతో బిడ్డ చెడిపోవునని చెప్పుట సత్యము కాదు. ఇంతవరకు భయము లేదని ఒక హద్దు గీయుటయు సత్యము కాదు. ఆ హద్దును ఎవరును కనుగొనలేదు. ఒక తల్లి కాలేయము వేగముగా పని చేయును, మరియొకతెది మెల్లగా చేయును. ఒకతె కడుపునిండ తినును, మరియొకతె పస్తుండును. ఒక శిశువు తట్టుకొనును, మరియొకటి తట్టుకొనదు. ఒకే గర్భమున పెరిగిన కవలలలోనైనను ఒకరికి ఎక్కువగాను ఒకరికి తక్కువగాను హాని కలిగినట్లు వైద్యులు చూచిరి.

2017లో లోకమంతటికి వేసిన మరియొక అంచనా యున్నది. గర్భకాలమున మద్యము పుచ్చుకొనిన స్త్రీలలో సుమారు 13 మందికి ఒకతెకు, మద్యమువలన ఏదో యొక విధమైన లోపముగల బిడ్డ పుట్టుచున్నది. ఆ పదముగ్గురిలో కొంచెము త్రాగినవారును అధికముగా త్రాగినవారును కలిసియున్నారు. మిగిలిన పన్నిద్దరును అత్తగారివలెనే సాక్ష్యము చెప్పుదురు, వారి సాక్ష్యము నిజమే. పదమూడవ స్త్రీ మాత్రము పొరుగింట నోరు మూసికొని కూర్చుండును. ఆమె బిడ్డను గూర్చి ఎవరును సామెతగా చెప్పుకొనరు. కావుననే గ్రామమున వినబడు సాక్ష్యమంతయు ఒక వైపుననే యుండును. తాను ఆ పన్నిద్దరిలో చేరునో, పదమూడవదియగునో, గ్లాసు ఎత్తునప్పుడు ఏ స్త్రీకిని తెలియదు.

త్రాగుటవలన బిడ్డకు కలుగు లాభము ఏదియు లేదు. మానుటవలన కలుగు నష్టమును లేదు. ఒక వైపున లాభము సున్న, మరియొక వైపున నష్టము జీవితకాలము. ఇట్టి బేరమును ఏ గృహస్థుడును తన యావుదూడ విషయమందైనను చేయడు.

పౌలు మాటయు, సంసోను తల్లియు

అపొస్తలుడైన పౌలు తిమోతికి కడుపు జబ్బు నిమిత్తము కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొనుమని వ్రాయలేదా అని కొందరు అడుగుదురు. వ్రాసెను. అది రోగియైన పురుషునికి, మంచి నీరు దొరకుట కష్టమైన కాలమున ఇచ్చిన సలహా. గర్భిణిని గూర్చిన మాట కావలెననిన న్యాయాధిపతుల గ్రంథము పదుమూడవ అధ్యాయమును తెరువవలెను. మనోహ భార్య సంసోనును కనబోవుచుండగా, ద్రాక్షారసమునైనను మద్యమునైనను ముట్టవద్దని దూత ఆమెకే ఆజ్ఞాపించెను. ఆ యాజ్ఞ నాజీరు వ్రతమునుబట్టి యిచ్చినదే గాని వైద్యశాస్త్రమునుబట్టి కాదు. అయినను బిడ్డ వ్రతము తల్లి గ్లాసునొద్దనే మొదలైనదని చదువరులు గమనింపవచ్చును. మనోహయు ఆ మాటను భార్యమీద విడిచిపెట్టక, తానును అడిగి తెలిసికొనెను.

ప్రభు భోజనపు పాత్రను గూర్చి సందేహపడు స్త్రీలు పులియని ద్రాక్షరసము నడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. 1869లో అమెరికాలో వెల్చి అను పంటివైద్యుడు ప్రభు భోజనము కొరకే ద్రాక్షరసమును పులియకుండ కాచి సీసాలకెత్తు విధమును కనిపెట్టెను. అనేక సంఘములు దానినే వాడుచున్నవి.

ఇంటివారు చేయవలసినది

తెలియక త్రాగిన స్త్రీ కలవరపడి యేడ్చుటకు కారణము లేదు. గర్భము నిలిచినదని తెలియకమునుపు ఒకటి రెండు మారులు త్రాగినవారి బిడ్డలు ఎక్కువమంది ఆరోగ్యముగానే పుట్టుచున్నారు. తెలిసిన దినముననే మానవలెను. అయిదవ నెలలో మానినను ఏడవ నెలలో మానినను, మిగిలిన మాసముల మెదడు ఎదుగుదలకు మేలే. క్లినిక్కున నర్సుతో దాచక చెప్పవలెను.

ప్రతిదినము అధికముగా త్రాగుటకు అలవాటుపడిన స్త్రీ మాత్రము ఇంటిలో తానై ఒక్కసారిగా మానరాదు. చేతులు వణకుట, మూర్ఛలు మొదలైన అపాయములు తల్లికిని బిడ్డకును కలుగవచ్చును. ఆమెను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయి వైద్యుని చూపున మాన్పింపవలెను. అట్టి స్త్రీని కూటములో వేలెత్తి చూపినచో ఆమె సీసాను దాచును గాని విడువదు. ఆమెకు తోడు కావలెను.

మగవారికి పని యున్నది. శుక్రవారము జీతముతోపాటు సీసాను ఇంటికి తెచ్చి, ప్రక్కన కూర్చుండి త్రాగుచు, భార్యను మాత్రము త్రాగవద్దనుట న్యాయము కాదు. ఆ తొమ్మిది మాసములు సీసాను గడప దాటనియ్యని భర్త భార్యకు గొప్ప బలము. వేవిళ్లకు ఎండు రొట్టె ముక్కను పడకయొద్ద పెట్టుట, అల్లపు నీరు కాచి యిచ్చుట, కొంచెము కొంచెముగా పలుమారులు తినిపించుట ఇంటివారు చేయవచ్చును. వాంతులు ఆగక నీరైనను నిలువనిచో ఆసుపత్రియే గతి. దగ్గుమందులలోను బలపు మందులలోను కొన్నిటియందు ఆల్కహాలు ఉండును గనుక మందులవానిని అడిగి కొనవలెను.

కాన్పు తరువాత బాలింతకు బ్రాందీ యిచ్చుటయు మేలు కాదు. తల్లి రక్తమందున్నంత ఆల్కహాలు పాలలోనికిని వచ్చును. పాలు పడుటకు మారుగా దిగుట తగ్గును. బాలింతకు వేడి కావలెనన్నచో మిరియాల చారును వెల్లుల్లి కారమును పూర్వులు ఊరకనే యేర్పరచలేదు.

1999 మొదలుకొని ప్రతి సంవత్సరము సెప్టెంబరు నెల తొమ్మిదవ దినమును లోకమున పలుచోట్ల ఈ సంగతికై ప్రత్యేకించిరి. తొమ్మిదవ నెల తొమ్మిదవ దినమున ఉదయము తొమ్మిది గంటల తొమ్మిది నిమిషములకు కొన్ని యూళ్లలో గంటలు మ్రోగింతురు. తొమ్మిది మాసములు మద్యము ముట్టకుండుటకు అది గురుతు.

అత్తగారి యింటికి మరల వెళ్లినచో, బ్రాందీ చెంచాను పడవేయుమని ఆమెతో పోట్లాడవలసిన పని లేదు. ఆమె పెట్టదలచినది ప్రేమయే. ఆ చేతితోనే అల్లపు నీరు కాచి యిమ్మని కోడలు అడిగినచో ఏ యత్తయు కాదనదు. మనుమడు పుట్టి, ఎక్కములు వల్లించి, నిన్న చెప్పిన పాఠమును నేడు తప్పులేక ఒప్పగించినప్పుడు, ఆ ఫలములో ఆమెకును పాలు కలదు.